బయట కరకర, లోపల కస్టర్డ్: ఇంట్లో ఫ్రెంచ్ టోస్ట్ సరిగ్గా కుదరాలంటే

ఫ్రెంచ్ టోస్ట్ ఎలా చేస్తారో తెలియనివాళ్లు తక్కువే. గుడ్డు, పాలు కలిపి, బ్రెడ్ ముంచి పెనం మీద వేస్తే అయిపోయింది కదా అనిపిస్తుంది. అయినా నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. "పైన మాడుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది" అంటారు కొందరు. "ఆమ్లెట్ చుట్టిన బ్రెడ్ తిన్నట్టుంది" అంటారు ఇంకొందరు. పెనం దాకా వెళ్లకముందే ముక్క చేతిలో విరిగిపోతోందన్నది మూడో బాధ.

మూడింటికీ మూలం ఒకటే. దీన్ని గుడ్డులో ముంచిన బ్రెడ్ అనుకుని వండేస్తాం. ఇక్కడ నిజంగా ఉడకాల్సింది కస్టర్డ్, అంటే ఆ గుడ్డు, పాల మిశ్రమం. బ్రెడ్ ఆ కస్టర్డ్‌ను పట్టి ఉంచే గిన్నె లాంటిది. అలా అనుకుని మొదలుపెడితే బ్రెడ్ ఎందుకు ఆరాలో, ఎంతసేపు నానాలో, మంట ఎందుకు తగ్గించాలో విడివిడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ముందే చెప్పేస్తున్నాను, ఇది పది నిమిషాల పని కాదు. ముప్పావుగంట నుంచి గంట చేతిలో ఉంచుకోండి. అందులో మీరు పొయ్యి దగ్గర నిలబడేది అరగంటే. మిగతాదంతా ఆరడం, నానడం.

1. ముందు అన్నీ దగ్గర పెట్టుకోండి

ఈ కొలతలు 6 మందపాటి ముక్కలకు. ముగ్గురికి సరిపోతాయి.

- బ్రియోష్ లేదా హల్లా బ్రెడ్ (రెండూ గుడ్లు వేసి చేసే మెత్తటి బ్రెడ్లు): 2.5 సెంటీమీటర్ల మందంతో 6 ముక్కలు
- గుడ్లు: 2
- విడిగా పచ్చసొనలు: 2
- వెన్న తీయని చిక్కటి పాలు: 240 మి.లీ.
- క్రీమ్: 80 మి.లీ.
- పంచదార: 2 టేబుల్ స్పూన్లు (సుమారు 25 గ్రాములు)
- ఉప్పు: పావు టీస్పూను
- వెనిల్లా ఎసెన్స్: ఒకటిన్నర టీస్పూన్లు
- దాల్చినచెక్క పొడి: అర టీస్పూను
- జాజికాయ పొడి: చిటికెడు, ఇష్టమైతేనే
- ఉప్పు లేని వెన్న: 40 గ్రాములు, కాల్చడానికి
- వాసన లేని నూనె: 1 టేబుల్ స్పూను

సామాన్లలో అడుగు మందంగా ఉన్న పెనం ఒకటి, నానబెట్టడానికి వెడల్పాటి లోతు పళ్లెం, జల్లెడ, వైర్ ర్యాక్, వెడల్పాటి అట్లకాడ ఉండాలి. అట్లకాడ సన్నగా ఉంటే నానిన ముక్కను ఎత్తేటప్పుడు మధ్యలో కుంగి చిరుగుతుంది. పెనం ఇనుపదైనా నాన్‌స్టిక్ అయినా పర్లేదు, పల్చటిది మాత్రం వద్దు. పల్చటి పెనంలో మంట ఉన్నచోట మాడుతుంది, లేనిచోట తెల్లగా ఉండిపోతుంది.

క్రీమ్ దొరకకపోతే మొత్తం 320 మి.లీ. పాలే పోసి, ఇంకో పచ్చసొన కలపండి. రుచి కాస్త తేలికవుతుంది గానీ పని జరుగుతుంది. వెన్న తీసిన పాలతో మాత్రం ఈ పని పెట్టుకోకండి. నీళ్లు ఎక్కువ, కొవ్వు తక్కువ కాబట్టి కస్టర్డ్ వదులుగా ఉండి, ముక్క నుంచి తడి కారుతూనే ఉంటుంది.

2. బ్రెడ్ ఎంపిక, మందం

రిచ్‌గా, మెత్తగా రావాలంటే మొదటి ఎంపిక బ్రియోష్. దాని పిండిలోనే వెన్న, గుడ్లు ఉంటాయి కాబట్టి నానాక కూడా రుచి పలచబడదు. రెండోది హల్లా. అందులో గుడ్లు, నూనె ఉంటాయి, వెన్న ఉండదు. దాని నార కాస్త గట్టిగా ఉండటం వల్ల చేతిలో విరగదు. మొదటిసారి చేసేవాళ్లకు నేను హల్లానే చెబుతాను. బ్రియోష్ రుచిలో ఒక మెట్టు పైన, కానీ నానబెట్టేటప్పుడు ఒక అర నిమిషం ఏమరుపాటును కూడా క్షమించదు.

మామూలు పాల బ్రెడ్ కూడా వాడొచ్చు, కోయకుండా అమ్మే మొత్తం లోఫ్ అయితే. ముందే పల్చగా కోసి అమ్మే శాండ్‌విచ్ ముక్కల్లో కస్టర్డ్ నిలవడానికి చోటుండదు. పైనా కిందా కాలిన పొర, మధ్యలో ఏమీ లేదు. అలాంటిది తప్ప ఇంట్లో ఇంకేం లేకపోతే, నానబెట్టే సమయం బాగా తగ్గించి మామూలు టోస్ట్‌లా చేసుకోండి, తప్పేం లేదు. ఈ పద్ధతి మాత్రం దానికి కాదు.

మందం 2 నుంచి 2.5 సెంటీమీటర్లు. మీ బొటనవేలి వెడల్పు ఇంచుమించు అంతే ఉంటుంది, స్కేలు వెతకొద్దు. 3 సెంటీమీటర్లు దాటితే పెనం మీద ఒక్కదానితో లోపల ఉడకదు, ఓవెన్ తప్పనిసరి. కోయడానికి పళ్లున్న కత్తి తీసుకుని, నొక్కకుండా రంపంలా ఆడించండి. మెత్తటి బ్రెడ్‌ను మామూలు కత్తితో నొక్కి కోస్తే గదులన్నీ అణిగిపోతాయి. ఆ గదుల్లోకే కదా కస్టర్డ్ చేరాల్సింది.

3. బ్రెడ్‌ను ఆరబెట్టడం

అందరూ వదిలేసే మెట్టు ఇదే. ఫలితంలో సగం దీని మీదే ఉంటుంది.

"నిన్నటి బ్రెడ్ వాడండి" అని ప్రతిచోటా చెబుతారు. అది సగం నిజం. నిన్నటి బ్రెడ్ గట్టిబడటానికి కారణం నీరు పోవడం ఒక్కటే కాదు. కవర్లో చుట్టి ఉంచిన బ్రెడ్‌లో నీరు పెద్దగా పోదు, పిండిపదార్థం మళ్లీ బిగుసుకుని ముక్క గట్టిగా అనిపిస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే ఆ బిగుసుకోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. చేతికి గట్టిగానే తగులుతుంది, లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది. తడి ఉన్నచోటికి కస్టర్డ్ ఎలా దూరుతుంది?

మనకు కావలసింది నిజంగా నీరు పోయిన బ్రెడ్. దానికి ఓవెన్ మంచి దారి.

- ఓవెన్‌ను 150 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయండి.
- ముక్కలను వైర్ ర్యాక్ మీద, ఒకదానికొకటి తగలకుండా పరవండి. ర్యాక్ కింద ట్రే పెట్టండి.
- 8 నిమిషాలు ఉంచి, తిప్పి, ఇంకో 7–8 నిమిషాలు ఉంచండి.
- బయటికి తీసి 5 నిమిషాలు ఆరనివ్వండి.

రంగు మారకూడదు. మారితే ఓవెన్ వేడి ఎక్కువైందని అర్థం. పైభాగం వేలితో తడిమితే పొడిగా, కాస్త గరుకుగా తగలాలి. మధ్యలో నొక్కితే మాత్రం ఇంకా కొంచెం మెత్తదనం ఉండాలి. రస్కులా పూర్తిగా ఎండబెడితే కస్టర్డ్ పీల్చడానికి చాలాసేపు పడుతుంది, మధ్యభాగం నానేలోపు అంచులు ముక్కలవుతాయి.

ఓవెన్ లేకపోతే ముందురోజు రాత్రే ముక్కలు కోసి, ర్యాక్ మీద ఏ కవరూ కప్పకుండా వదిలేయండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇది పనిచేయదు. అప్పుడు ఖాళీ పెనాన్ని బాగా సన్నటి మంట మీద పెట్టి, ఒక్కో వైపు 3–4 నిమిషాలు పొడిగా వేడి చేయండి. టోస్టర్ వాడాలంటే అన్నిటికన్నా తక్కువ సెట్టింగ్‌లో, రంగు రాకముందే తీసేయాలి.

4. కస్టర్డ్ కలపడం

ముందు నీచు వాసన సంగతి. గుడ్డు ఉడికితే వచ్చే ఆ వాసన ఎక్కువగా తెల్లసొన నుంచే. అందులో గంధకం ఉన్న ప్రొటీన్లు ఉంటాయి, వేడి ఎక్కువైన కొద్దీ ఆ వాసన బయటపడుతుంది. పచ్చసొనలో కొవ్వు ఉంటుంది, కస్టర్డ్‌కు చిక్కదనం, రంగు ఇచ్చేది అదే. అందుకే నాలుగు నిండు గుడ్ల బదులు రెండు గుడ్లు, రెండు పచ్చసొనలు పెట్టాను. ఆమ్లెట్ రుచి అని మొరపెట్టుకునేవాళ్లకు ఈ ఒక్క మార్పే చాలాసార్లు సరిపోతుంది. మిగిలిన రెండు తెల్లసొనలను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజుల్లో ఇంకోదానికి వాడుకోవచ్చు.

ఇక వరస ముఖ్యం.

మొదట పళ్లెంలో పంచదార, ఉప్పు, దాల్చినచెక్క పొడి, జాజికాయ పొడి పొడిగానే కలపండి. దాల్చినచెక్క పొడికి నీళ్లంటే పడదు. నేరుగా పాలలో వేస్తే పైకి తేలి గడ్డకడుతుంది, మొదట ముంచిన ముక్క దాన్నంతా పట్టుకుపోతుంది. పంచదార పలుకుల మధ్య ముందే చెదిరిపోతే కొంతవరకు కలిసే ఉంటుంది.

దానిమీద గుడ్లు, పచ్చసొనలు వేసి ఫోర్కుతోనో చిన్న కవ్వంతోనో గిలకొట్టండి. నురగ వచ్చేలా కాదు, తెల్లసొన తీగలు కనిపించకుండా కలిసేలా. నురగ ఎక్కువైతే బ్రెడ్ మీద అది పూతలా నిలిచి కాలాక బుడగలు బుడగలుగా, ఆమ్లెట్ అంచులా కనిపిస్తుంది.

తర్వాత పాలు, క్రీమ్, వెనిల్లా పోసి కలపండి. పాలు గోరువెచ్చగా ఉంటే మంచిది. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి పాలతో చేస్తే ముక్క మధ్యభాగం చల్లగా ఉండిపోతుంది. బయట రంగు వచ్చేసినా అక్కడికి వేడి చేరదు. అలాగని మరిగే పాలు పోయకండి, గుడ్డు అక్కడికక్కడే ఉడికి తునకలవుతుంది. వేలు పెడితే హాయిగా అనిపించేంత వెచ్చదనం చాలు.

చివరికి జల్లెడలో వడకట్టండి. గుడ్డులో ఉండే తెల్లటి తాడులాంటి పోగులు అక్కడే ఆగిపోతాయి. బ్రెడ్ మీద వాటిని చూసి ముఖం చిట్లించేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. జల్లెడలో మిగిలిన దాల్చినచెక్క పొడిని స్పూనుతో గీకి మళ్లీ కలిపేయండి.

పంచదార పెంచాలని అనిపిస్తుంది, పెంచొద్దు. పైన సిరప్ ఎలాగూ పోస్తాం. అదీకాక కస్టర్డ్‌లో పంచదార ఎక్కువైతే లోపల ఉడకకముందే బయట నల్లబడుతుంది. ఉప్పు మాత్రం మానొద్దు. పావు టీస్పూను లేకపోతే రుచి చప్పగా, ఏదో తక్కువైనట్టు ఉంటుంది, ఏం తక్కువైందో చెప్పలేం.

5. నానబెట్టడం

ఇక్కడ గడియారం చూడాలి. అంతకంటే ముఖ్యంగా వేలితో చూడాలి.

- ఆరబెట్టిన బ్రియోష్: ఒక్కో వైపు ఒకటిన్నర నిమిషం
- ఆరబెట్టిన హల్లా: ఒక్కో వైపు 2 నిమిషాలు
- మందంగా కోసిన పాల బ్రెడ్: ఒక్కో వైపు 40 సెకన్ల నుంచి ఒక నిమిషం
- బగెట్ లాంటి గట్టి పెంకు ఉన్న బ్రెడ్: ఒక్కో వైపు 4–5 నిమిషాలు
- పల్చటి శాండ్‌విచ్ ముక్కలు: ఒక్కో వైపు 10–15 సెకన్లు

ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్కలే. రెండు బ్రెడ్లు ఒకేలా పీల్చవు. ముక్క మధ్యలో వేలితో మెల్లగా నొక్కండి. నిండుగా, బరువుగా, తడి స్పాంజిలా అనిపించాలి. లోపల గట్టి పొర తగిలితే ఇంకాసేపు ఉంచండి. వేలు అలాగే దిగబడిపోతుంటే సమయం దాటింది.

ఒకేసారి రెండు ముక్కలకు మించి నానబెట్టొద్దు. అన్నీ ఒకేసారి వేస్తే మొదటిది తీసేసరికి చివరిది ముద్దవుతుంది. ప్రతి జతకు ముందు కస్టర్డ్‌ను ఒకసారి కలపండి, అడుగున చేరిన మసాలా పైకి రావాలి.

నానిన ముక్కను అట్లకాడతో ఎత్తి, కారేదంతా కారనిచ్చి, వైర్ ర్యాక్ మీద 2–3 నిమిషాలు ఉంచండి. చాలామంది పళ్లెంలోంచి నేరుగా పెనం మీదికి వేస్తారు. ఆ రెండు నిమిషాల్లో రెండు పనులు జరుగుతాయి. పైన ఎక్కువైన గుడ్డు కిందికి జారిపోతుంది. అంచుల్లో ఉన్న కస్టర్డ్ మెల్లగా మధ్యలోకి చేరుతుంది. పెనం మీద ముక్క చుట్టూ గుడ్డు పారి లంగా అంచులా గడ్డకట్టడం చూసే ఉంటారు, అది ఈ మెట్టు మానేసినందుకే.

కొత్త రకం బ్రెడ్ వాడుతున్నారా? ఒక ముక్కను బలిచ్చేయండి. నానాక మధ్యకు కోసి చూడండి. నడుమ తెల్లటి పొడి గీత ఉంటే ఇంకో అర నిమిషం కావాలి. అంతటా ఒకే లేత పసుపు ఉంటే సమయం సరిపోయింది. ఒక ముక్క పోయినా మిగతా ఐదూ దక్కుతాయి.

6. పెనం, వెన్న, మంట

మొదట్లో ఒకసారి ఇంటికి వచ్చినవాళ్లు ఆకలిగా ఉన్నారని మంట పెంచేశాను. రెండు నిమిషాల్లో ముక్కలన్నీ చక్కటి గోధుమరంగులోకి వచ్చాయి. నేనే మురిసిపోయాను. ఫోర్కు గుచ్చగానే పచ్చి కస్టర్డ్ పళ్లెం అంతా పారింది. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉండింది.

గుడ్డు ఒక్కటే అయితే 65–70 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. పాలు, పంచదార కలిపాక అది 80 డిగ్రీల చుట్టుపక్కలకు వెళుతుంది. మందపాటి ముక్క నడిమధ్యకు అంత వేడి చేరడానికి నిమిషాలు పడుతుంది. బయట రంగు రావడానికి మాత్రం సెకన్లు చాలు. ఈ రెండింటినీ ఒకేసారి ముగించాలంటే మంట తగ్గించడం ఒక్కటే దారి.

వరస ఇలా:

- పెనాన్ని మధ్యస్థమైన మంట మీద 3 నిమిషాలు వేడి చేసి, మంటను దానికంటే కాస్త కిందికి తగ్గించండి.
- ప్రతి జత ముక్కలకు ఒక టీస్పూను నూనె, అందులో 10–12 గ్రాముల వెన్న వేయండి.
- వెన్న కరిగి నురగ వస్తుంది. వెన్నలో సుమారు ఆరో వంతు నీరు ఉంటుంది, ఆ నురగ అది ఆవిరయ్యేటప్పటిదే. నురగ తగ్గేదాకా ఆగండి.
- నురగ తగ్గి, వెన్న ఇంకా రంగు మారకముందే ముక్కలు వేయండి. రెండింటి మధ్య రెండు వేళ్ల దూరం ఉండాలి.
- మొదటి రెండు నిమిషాలు ముట్టుకోవద్దు.
- మూడున్నర నుంచి 4 నిమిషాలకు అంచు ఎత్తి చూడండి. ముదురు బంగారు రంగు వచ్చి ఉంటే తిప్పండి.
- రెండో వైపు ఇంచుమించు 3 నిమిషాలు.
- ముక్కను పట్టుకుని నిలబెట్టి, నాలుగు అంచులనూ 15–20 సెకన్ల చొప్పున పెనానికి ఆనించండి.

చివరి మెట్టు అవసరమా అంటారేమో. మందపాటి ముక్కకు అంచులు తెల్లగా, తడిగా ఉండిపోతే తినేటప్పుడు అక్కడే పచ్చిగా తగులుతుంది. నాకు మాత్రం అంచు కాలని ఫ్రెంచ్ టోస్ట్ సగం చేసి వదిలేసినట్టే ఉంటుంది.

ముక్కలు వేసినప్పుడు "సుయ్" మని మెల్లటి చప్పుడు రావాలి. చిటపటలాడుతూ వెన్న ఎగిరిపడుతుంటే మంట ఎక్కువైంది. ఏ చప్పుడూ లేకపోతే పెనం చల్లగా ఉంది, అప్పుడు బ్రెడ్ కాలకుండా వెన్న తాగుతుంది. చెవి పెట్టి వంట చేయడం ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఒక జత తీశాక పెనాన్ని మడిచిన కాగితంతోనో పొడిగుడ్డతోనో తుడిచి, కొత్త వెన్న వేయండి. మిగిలిన వెన్నలోని పాల పదార్థం అప్పటికే గోధుమరంగు దాటి ఉంటుంది. దాని మీదే రెండో జత వేస్తే నల్లటి చుక్కలు, చేదు తప్పవు. నెయ్యి అంత తొందరగా మాడదు కాబట్టి అది వాడొచ్చా అని కొందరు అడుగుతారు. వాడొచ్చు, కానీ పెనం మీద వెన్న ఎర్రబడుతుంటే వచ్చే ఆ సువాసన తగ్గుతుంది. వెన్నలో కాస్త నూనె కలపడం నాకు నచ్చిన మధ్యేమార్గం.

పైన పల్చటి పాకం పొర కావాలంటే, రెండో వైపు కాలుతుండగా పైకున్న వైపు అర టీస్పూను పంచదార చల్లి, చివరి 40–50 సెకన్లు ఆ వైపు కిందికి తిప్పండి. పంచదార కరిగి గాజులా అంటుకుంటుంది. అక్కడే నిలబడండి. పాకం రంగు నుంచి నలుపుకు వెళ్లడానికి దానికి ఎక్కువ సేపు పట్టదు.

7. లోపల ఉడికిందా?

- ముక్క మధ్యలో కాస్త పొంగి ఉంటుంది.
- అట్లకాడతో నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది.
- నొక్కినప్పుడు అంచుల నుంచి పాలలాంటి తడి కారదు.
- థర్మామీటర్ ఉంటే నడిమధ్యలో 75–80 డిగ్రీలు చూపాలి. గుడ్డు వంటకాలకు భద్రత కోసం చెప్పే కనీస వేడి 71 డిగ్రీలు, దానికి ఇది పైనే ఉంటుంది.

2.5 సెంటీమీటర్ల ముక్కలకు పెనం తర్వాత ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచితే అనుమానమే ఉండదు, ఇంకాస్త పొంగుతాయి కూడా. ఓవెన్ లేకపోతే రెండో వైపు కాలేటప్పుడు పెనానికి మూత పెట్టి 2 నిమిషాలు ఉంచండి. ఆవిరితో లోపల ఉడుకుతుంది, కానీ పైపొర మెత్తబడుతుంది. అందుకని మూత తీశాక ఒక్కో వైపు ఇంకో అర నిమిషం కాల్చండి.

అందరికీ ఒకేసారి వడ్డించాలంటే అయిన ముక్కలను 95–100 డిగ్రీల ఓవెన్‌లో ర్యాక్ మీద ఉంచండి, 20 నిమిషాల దాకా పర్లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చి మూత పెడితే మాత్రం వాటి ఆవిరికే తడిసి, ఇంతసేపు తెప్పించిన కరకర పోతుంది.

8. పైన ఏం వేయాలి

ఇది మీ ఇష్టం, నేను ఎక్కువ చెప్పను. చిన్న వెన్న ముక్క, వెచ్చబెట్టిన మేపుల్ సిరప్, పుల్లటి పండ్లు ఉంటే చాలు. కస్టర్డ్ ఇంత చిక్కగా ఉన్నప్పుడు పులుపు కావాలి. స్ట్రాబెర్రీ, నారింజ తొనలు, లేదంటే నాలుగు చుక్కల నిమ్మరసం. సిరప్ చల్లగా ఉంటే ముక్క వెంటనే చల్లారుతుంది, గిన్నెలో వేడినీళ్లు పోసి సీసాను అందులో 5 నిమిషాలు ఉంచండి. పొడి పంచదార వడ్డించే క్షణంలోనే చల్లాలి. ముందే చల్లితే కరిగి మాయమవుతుంది.

9. ఎక్కడ తప్పింది, ఎలా దిద్దాలి

పైన రంగు వచ్చేసింది, లోపల పచ్చిగా ఉంది. మంట ఎక్కువ, లేదా కస్టర్డ్ చల్లగా ఉంది. ఇప్పుడు చేయగలిగింది: ముక్కలను 160 డిగ్రీల ఓవెన్‌లో 8–10 నిమిషాలు ఉంచండి. ఓవెన్ లేకపోతే మంట బాగా తగ్గించి, మూత పెట్టి, మధ్యలో ఒకసారి తిప్పండి.

ఉడికింది, కానీ ముద్దగా ఉంది. బ్రెడ్ ఆరలేదు, లేదా నానడం ఎక్కువైంది. ఈసారికి ఓవెన్‌లో ర్యాక్ మీద 10 నిమిషాలు పెడితే కొంత నీరు పోతుంది. వచ్చేసారి 3వ మెట్టు దాటవేయొద్దు.

మధ్యలో పొడి బ్రెడ్ మిగిలింది. నానలేదు. వండాక దీన్ని దిద్దలేం. ఇంకా కాల్చని ముక్కలు ఉంటే వాటిని మరో నిమిషం నానబెట్టండి.

ఎత్తుతుంటే విరిగిపోతోంది. విరిగినవాటిని పారేయకండి. అన్నిటినీ వెన్న రాసిన గిన్నెలో సర్ది, మిగిలిన కస్టర్డ్ పోసి, 180 డిగ్రీల దగ్గర అరగంట బేక్ చేయండి. బ్రెడ్ పుడ్డింగ్ అవుతుంది. ముందు నుంచీ అదే అనుకున్నామని చెప్పుకోవచ్చు.

పెనానికి అంటుకుంటోంది. పెనం వేడెక్కకముందే వేశారు, లేదా తొందరపడి కదిపారు. అడుగు పొర గట్టిపడితే ముక్క తనంతట తానే వదులుతుంది. ఇంకో నిమిషం ఆగి చూడండి, గీకొద్దు.

జిడ్డుగా ఉంది. వెన్న ఎక్కువ కావడం కంటే పెనం చల్లగా ఉండటమే ఇక్కడ అసలు కారణం అయ్యుంటుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నీచు వాసన వస్తోంది. ముక్కను ర్యాక్ మీద కారనివ్వకుండా వేసి ఉంటారు, లేదంటే ఎక్కువసేపు కాల్చారు. వచ్చేసారికి గుడ్లు 1, పచ్చసొనలు 3 చేసి చూడండి. కస్టర్డ్ కాస్త మెత్తగా ఉంటుంది, వాసన బాగా తగ్గుతుంది. నారింజ తొక్క తురుము అర టీస్పూను వేసినా మేలే.

10. పొద్దున్నే ఇదంతా ఎవరు చేస్తారు అనుకుంటే

రాత్రే ముక్కలను ఆరబెట్టి, వెన్న రాసిన బేకింగ్ గిన్నెలో ఒకే వరసలో పరవండి. కస్టర్డ్‌ను ఒకటిన్నర రెట్లు కలిపి పైన పోయండి. 10 నిమిషాలకు ముక్కలను ఒకసారి తిప్పి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. 12 గంటలు దాటనివ్వొద్దు. దీనికి బ్రియోష్ కంటే హల్లా, గట్టి నార ఉన్న బ్రెడ్ నయం.

పొద్దున ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట ఉంచి, పైన ఒక టేబుల్ స్పూను పంచదార, చిన్న చిన్న వెన్న ముక్కలు చల్లి, 180 డిగ్రీల దగ్గర 35–40 నిమిషాలు బేక్ చేయండి. పైభాగం పొంగి, కత్తి గుచ్చితే తడి కస్టర్డ్ అంటకుండా రావాలి. పెనం మీద వచ్చే వెన్న పొర దీనికి రాదు, అది ఒప్పుకోవాలి. బదులుగా కాఫీ కప్పు పట్టుకుని కూర్చోవచ్చు.

గుడ్లు, పాలు కలిపిన మిశ్రమాన్ని వంటగది గట్టు మీద రెండు గంటలకు మించి ఉంచొద్దు. బ్రెడ్ ముంచగా మిగిలిన కస్టర్డ్‌ను దాచుకోవాలనుకుంటే గిన్నెలో పోసి మూతపెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే వాడేయండి.

11. మిగిలిపోతే

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటాయి. ఫ్రీజర్‌లో అయితే ముందు ట్రే మీద విడివిడిగా పరిచి, రెండు గంటలు గట్టిపడ్డాక సంచిలో వేయండి. నేరుగా సంచిలో వేస్తే అన్నీ కలిసి ఒకే ఇటుక అవుతాయి. నెల రోజుల్లోపు తినేస్తే రుచి పోదు.

వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు, రబ్బరులా సాగుతాయి. ఫ్రిజ్‌లోవి అయితే 180 డిగ్రీల ఓవెన్‌లో 7–8 నిమిషాలు, ఫ్రీజర్‌లోవి అయితే కరగనివ్వకుండానే 12–15 నిమిషాలు. టోస్టర్ గాడి వెడల్పుగా ఉంటే అందులోనూ పెట్టొచ్చు, పంచదార పొర వేసిన ముక్కలు మాత్రం వద్దు. ఆ పాకం కరిగి టోస్టర్ తీగల మీద కారితే పొగ, దాని వెనకే గంటసేపు శుభ్రం చేసే పని.